నెలాఖరుకల్లా ఖాళీ చేయాలట!

పోయినేడు దీపావళి అయ్యాక వచ్చిన రెండో ఆదివారం. పొయ్యి మీద పూరీల మూకుడు, చేతినిండా పిండి. కింద వాకిట్లో కారు ఆగింది. ఓనరు గారి పెద్దబ్బాయి దిగాడు. వెంట ఇంకొకాయన, చేతిలో కొలతల టేపు. మెట్లెక్కి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"వదినా, బిల్డింగు డెవలప్‌మెంటుకు ఇచ్చినం. పాతదంతా కూలగొడతరు. నెలాఖరుకల్లా ఖాళీ చేయాలె. జెర చూసుకోండ్రి."

మా ఆయన చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? "సరే సార్" అనడం.

ఆ "సరే సార్" విన్నప్పుడు నాకు ఓనరు మీద కంటే మా ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది. సరే అనడానికి ఆయనదేం పోయింది? పొద్దున తొమ్మిదికి విత్తనాల దుకాణానికి పోతే రాత్రి తొమ్మిదికి వచ్చే మనిషి. ఇల్లు మారితే ఆయనకు మారేది బండి తిప్పే సందు ఒక్కటే. నాకు మారేది బతుకు. ఆ పూట పూరీలు మాడిపోయాయి. ఈ వ్యాసం అప్పుడే మొదలైందనుకోండి.

నిజామాబాద్‌లో పాత బజారు వైపు మాది రెండంతస్తుల పాత ఇల్లు. ఏడు పోర్షన్లు, ఒకటే వాకిలి, ఒకటే బోరు. తొమ్మిదేళ్లున్నాం. కిరాయి నాలుగున్నర వేలు. పక్క పోర్షన్లో బీడీలు చేసే అక్క, ఇద్దరు ఆడపిల్లలు. కింద టైలరింగ్ చేసే ఆపా వాళ్లు. మెట్ల పక్క గదిలో పింఛను మీద బతికే అవ్వ. ఎదురుగా ధర్మాబాద్ నుంచి వచ్చిన మరాఠీ వహినీ. పైన ప్రైవేటు స్కూలు టీచరమ్మ, ఆమె పక్కన కొత్తగా పెళ్లైన జంట. ఏడు కుటుంబాలు, ఏడు రకాల పండగలు. ఒకరి వంట గిన్నె ఇంకొకరి ఇంట్లో లేని రోజు లేదు.

ఆ సాయంత్రం బీడీల అక్క చాట ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుని ఒకటే మాట అన్నది. "చెల్లె, వాళ్లు ఇల్లు కూలగొడతమన్నరు. నాకేమో కార్ఖానా కూలగొడతమన్నట్టు వినబడ్డది."

ఈ మాట మీరు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. నిజామాబాద్ జిల్లాలో బీడీ అంటే ఆడవాళ్ల పని, ఇంట్లో కూర్చుని చేసే పని. ఆకు, తంబాకు తెచ్చుకునే కార్ఖానా మా గల్లీ చివరే. ఊరి ఆ చివర ఇల్లు దొరికితే రోజూ ఆటోకు ఎంత? ఆ చివర కార్ఖానాలో ఈమెకు ఆకు ఎవరిస్తారు? పీఎఫ్ పుస్తకం సంగతేమిటి? మగవాళ్లకు ఇల్లు వేరు, పని చేసే చోటు వేరు. మనలో చాలామందికి రెండూ ఒకటే. ఆపా కుట్టు మిషను, టీచరమ్మ సాయంత్రం ట్యూషను, వహినీ చేసి అమ్మే అప్పడాలు, అన్నీ ఆ నాలుగు గోడల మధ్యే. గిరాకీ కూడా ఆ గల్లీదే. ఇల్లు కూలిస్తే ఇటుకలతోపాటు ఏడుగురు ఆడవాళ్ల సంపాదన కూడా కూలుతుంది. దీన్ని ఎవరూ లెక్క రాయరు.

పోనీ, ఇంటి లెక్కే రాద్దాం. నేను ఆ రాత్రి రాశాను. పాల లెక్క రాసే నోటు పుస్తకం వెనక పేజీలో.

కొత్త ఇంటికి అడ్వాన్సు. ఇప్పుడు మూడు నెలల కిరాయి అడుగుతున్నారు. పాత అడ్వాన్సు "సున్నం కట్ చేసుకుని" ఇస్తామంటారు. కూలగొట్టే గోడలకు సున్నం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. బ్రోకరుకు ఒక నెల కిరాయి. ట్రాలీ ఆటో, హమాలీలు. బీరువా కాలు విరగడం ఖాయం. ఆవకాయ జాడీ పగలడం ఇంకా ఖాయం. గ్యాసు అడ్రసు మార్పు, ఆధార్ అడ్రసు మార్పు. కరెంటు 200 యూనిట్ల వరకు ఉచితమన్న గృహజ్యోతి కిరాయిదార్లకూ వర్తిస్తుంది, నిజమే. కానీ మీటరు మారితే మళ్లీ ఆఫీసు చుట్టూ తిరిగేది ఎవరు? మనమే. పిల్లల స్కూలు బస్సు ఆ వైపు రాదు. మా పెద్దది పదో తరగతి. మార్చిలో పరీక్షలు, నవంబరులో ఇల్లు ఖాళీ!

ఇక ఇల్లు వెతకడం. ఈ పని ఎప్పుడైనా చేశారా మీరు? "టులెట్" బోర్డు చూసి తలుపు కొడితే, కిరాయి ఎంతో చెప్పేముందే వచ్చే ప్రశ్న "మీరేమిట్లు?" తర్వాత "నాన్ వెజ్ వండుతారా?" తర్వాత "ఎంతమంది?" నేను మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పి నాలుగో ఇంట్లో పడ్డాను. ఆపాకు మొదటి ప్రశ్న దగ్గరే తలుపు మూసుకుంది, ఒకచోట కాదు, పదకొండు చోట్ల. భర్త లేని బీడీల అక్కను "మగదిక్కు ఎవరు?" అని అడిగారు. అవ్వను చూసి "ఈ వయసులో ఏమన్నా అయితే మాకు మైల" అన్నారు ఒకావిడ, అవ్వ ముందే. ఖాళీ చేయమన్న మాట ఏడు కుటుంబాలకూ ఒకటే. దాని బరువు మాత్రం ఏడుగురికీ ఒకటి కాదు.

ఇప్పుడు మీలో కొందరు అనుకుంటున్న మాట నాకు తెలుసు. మా అత్తగారూ అదే అన్నారు ఫోన్లో. "ఇల్లు వాళ్లది. వాళ్లిష్టం. పరాయి ఇంట్లో ఎన్నాళ్లుంటం బిడ్డా?"

ఇల్లు వాళ్లదే, నేను కాదనను. పై అంతస్తు కప్పు వానకు కారుతుంది. మెట్ల దగ్గర ఇనుప కడ్డీలు బయటికి కనబడుతున్నాయి. ఏటా వానాకాలం ముందు మున్సిపాలిటీ వాళ్లు శిథిల భవనాలకు నోటీసులు ఇస్తారే, అవి ఊరికే ఇచ్చేవి కావు. కూలిన ఇంటి కింద పడి చచ్చేకంటే ఖాళీ చేయడమే మేలు. ఓనరు కొత్తది కట్టుకోవద్దని ఎవరూ అనడం లేదు. నేను అడిగేది ఒక్కటే. ఎప్పుడు, ఎట్లా, ఎవరి ఖర్చుతో? తొమ్మిదేళ్లు ఒక్క నెల తప్పకుండా ఐదో తారీఖున కిరాయి కట్టిన మనిషికి పదిహేను రోజుల గడువు నోటిమాటగా ఇవ్వడం ఇష్టం కిందికి వస్తుందా, అన్యాయం కిందికి వస్తుందా?

అట్లాగే మునిసిపల్ నోటీసు వస్తే అది ఓనరు చేతికి వస్తుంది. ఆ కప్పు కింద పడుకునేది మనం. ఆ కాగితం మనకు చూపించాలని ఎవరికీ తోచదు.

మా టీచరమ్మ చదువుకున్న మనిషి. ఆమె తమ్ముడు కోర్టులో ప్లీడరు దగ్గర జూనియరు. ఆయన వచ్చి వాకిట్లో చాప మీద కూర్చుని చెప్పిన సంగతులు మీకూ చెబుతాను. ఇవి ప్రతి కిరాయి ఇంటి ఆడమనిషికి, ఉప్పు ఎంత వేయాలో తెలిసినంత బాగా తెలిసుండాలి.

మనకు 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ఒకటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసింది, తెలంగాణ వచ్చాక కూడా అదే నడుస్తోంది. దాని ప్రకారం ఓనరు తనంతట తాను ఖాళీ చేయించలేడు. రెంట్ కంట్రోలర్ ముందు కారణం చూపించాలి. మరమ్మతుల కోసమైనా, కూల్చి కొత్తది కట్టడం కోసమైనా, అవసరం నిజమైనదని అక్కడ ఒప్పించాలి. మరమ్మతుకైతే పని అయ్యాక మళ్లీ ఆ పాత కిరాయిదారుకే ఇస్తానని హామీ ఇవ్వాలి. ఎంత బాగుంది!

బాగుంది కానీ, ఒక చిన్న మెలిక ఉంది. 2005లో చట్టానికి సవరణ చేశారు. కార్పొరేషన్ ఉన్న ఊళ్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయికి ఈ చట్టం వర్తించదు. మన నిజామాబాద్ కార్పొరేషన్ అయింది కూడా ఆ 2005లోనే. అంటే నాలుగున్నర వేలు కట్టే నేను చట్టం దృష్టిలో గొప్పింటి కిరాయిదారును! బోధన్‌లో రెండువేల ఒక్క రూపాయి కట్టే మనిషి కూడా అంతే. ఇప్పుడు 3,500కు నిజామాబాద్‌లో ఏమొస్తుందో మీకు తెలియనిది కాదు. ఒక గది, బయట బాత్రూము, దానికి క్యూ. 2005లో సిలిండరు ధర ఎంత, ఇప్పుడెంత? అన్నీ పెరిగినా పేదవాళ్లు ఎవరో కొలిచే ఈ అంకె మాత్రం పెరగలేదు.

అయినా మనం గాలిలో లేం. ఆ చట్టం కిందికి రాకపోయినా, నెలవారీ కిరాయికి కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. నోటీసు గడువు అయిపోయాక కూడా మనం కదలకపోతే ఓనరు కోర్టుకే పోవాలి. తాళం మార్చడం, కరెంటు తీయించడం, సామాను వాకిట్లో పడేయడం కుదరదు. కోర్టు ఆర్డరు లేకుండా బలవంతంగా బయటికి నెడితే, ఆరు నెలల లోపు దావా వేసి మళ్లీ స్వాధీనం తెచ్చుకోవచ్చు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఆరో సెక్షను అది. ఇది విన్నప్పుడు బీడీల అక్క చేతిలో కత్తెర ఆగిపోయింది. "అంటే వాడు పొమ్మనంగనే పోవుడు గాదా?" అన్నది. కాదు అక్కా. పొమ్మనగానే పోవడం మన అలవాటు, చట్టం కాదు.

ఇది మా ఒక్క గల్లీ గోల అనుకోకండి. 2024లో హైదరాబాదులో ఏమైందో టీవీలో అందరం చూశాం. ఆ ఏడాది జూలైలో హైడ్రా వచ్చింది. చెరువుల్ని కాపాడాలంటే ఎవరు వద్దంటారు? మన ఊళ్లో చెరువులు ఎట్లా మాయమయ్యాయో చూసినవాళ్లం, చెరువు మన పిల్లలకూ కావాలి. కానీ సెప్టెంబరు 22, ఆదివారం నాడు కూకట్‌పల్లి నల్లచెరువు దగ్గర షెడ్లు కూలుస్తుంటే ఏడ్చింది ఎవరు? ఆ షెడ్లు కిరాయికి తీసుకుని, అప్పు చేసి సరుకు పెట్టుకున్నవాళ్లు. సామాను తీసుకునే టైమన్నా ఇవ్వమని వాళ్లు బతిమాలారు. అదే ఆదివారం అమీన్‌పూర్‌లో జరిగిన కూల్చివేత మీద హైకోర్టు అధికారులను నిలదీసింది, సెలవు రోజున కూల్చాల్సిన తొందరేమిటని.

సెప్టెంబరు చివర మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. మలక్‌పేట వైపు డబుల్ బెడ్రూం ఇళ్లు చూపించారు. మంచిదే. కానీ ఆ ఇళ్లు ఎవరి పేరు మీద? కూలే ఇంటికి ఓనరు ఎవరో వాళ్ల పేరు మీద. ఆ చిన్న ఇంట్లోనే వెనక గదిలో కిరాయికుంటున్న వాళ్లు తమ దారి తాము చూసుకోవాల్సి వచ్చింది. గోడ మీద ఎర్ర గుర్తు ఇద్దరికీ పడింది, లిస్టులో పేరు ఒకరికే పడింది.

ఇందిరమ్మ ఇళ్ల సంగతీ అంతే. 2024 మార్చిలో మొదలుపెట్టారు, ఐదు లక్షలు ఇస్తామన్నారు. మొదటి విడత ఎవరికి? సొంత జాగా ఉన్నవాళ్లకు. జాగా ఉంటే మేము కిరాయికి ఎందుకుంటామండీ? అందరికంటే ఆకలిగా ఉన్నవాళ్లను ఆఖరి బంతిలో కూర్చోబెట్టడం ఏం మర్యాద?

అదే ఏడాది నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ల కేసులో తీర్పు ఇచ్చింది. జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్ ఇచ్చిన తీర్పు. కూల్చే ముందు కనీసం పదిహేను రోజుల నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, గోడకు అంటించాలి, మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, కూల్చేటప్పుడు వీడియో తీయాలి. రోడ్ల మీద, నీటి వనరుల్లో కట్టినవాటికి ఇది వర్తించదన్నారు. ఆడవాళ్లనూ పిల్లలనూ ముసలివాళ్లనూ రాత్రికి రాత్రి వీధిలోకి లాగడం చూడదగ్గ దృశ్యం కాదని కూడా అన్నారు. ఆ తీర్పులో నాకు నచ్చిన మాట ఇంకొకటుంది. నోటీసు ఓనరుకే అనలేదు. ఓనరుకో, అందులో నివసించేవాళ్లకో అన్నారు. నివసించేవాళ్లు అనే ఒక వర్గం ఉందని గుర్తించారు. అది ప్రభుత్వం కూల్చే ఇళ్ల గురించి. ప్రైవేటు ఓనరు కూల్చే ఇంట్లో నివసించేవాళ్లు మనుషులు కారా?

నా పుట్టిల్లు బోధన్. చిన్నప్పుడు శక్కర్‌నగర్ మిల్లు సైరన్ విని మా అమ్మ బియ్యం పోసేది. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ అది. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లం. చెరకు సీజన్ వచ్చిందంటే ఎడపల్లి, రెంజల్, కోటగిరి దిక్కు నుంచి బండ్లు బారులు. ఊరంతా తీపి వాసన. అప్పుడు మా గల్లీలో కిరాయి ఇల్లు దొరకడం గగనం. మా అమ్మ ఇంటి ఓనరమ్మకు ఉగాదికి, సంక్రాంతికి పిండివంటలు పంపేది, ఎక్కడ ఖాళీ చేయమంటుందోనని.

2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. మూతపడ్డాక మా గల్లీలో ఏమైందో తెలుసా? టులెట్ బోర్డులు వెలిశాయి. ఆ ఓనరమ్మే మా అమ్మను "వదినా, ఎవరన్నా మంచి కిరాయిదార్లుంటే చెప్పు" అని అడిగింది. 2024 జనవరిలో ఫ్యాక్టరీని మళ్లీ తెరిచే సంగతి చూడమని ప్రభుత్వం మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. తెరవాలనే నా మొక్కు కూడా. కానీ ఆ రోజుల నుంచి నాకొకటి అర్థమైంది. కిరాయిదారు వల్లే ఇంటికి ధర. మనిషి లేని ఇల్లు కిరాయి తేదు. మనం వాళ్ల దయ మీద బతకడం లేదు, వాళ్ల ఈఎంఐలో సగం మన జీతంలోంచే పోతోంది.

చెరకు, వరి పండే ఈ నేల మీద పుట్టినవాళ్లకు ఇంకొకటి గుర్తుచేయాలి. ఒకప్పుడు ఇక్కడ కౌలుదారును దొర పొమ్మంటే పోవాల్సిందే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న భూమిలో పండిన పంటను ఎత్తుకుపోనివ్వనని నిలబడింది. ఆమె వెనక సంఘం నిలబడింది. ఆ పోరాటాల తర్వాత, 1950లో హైదరాబాద్ రాష్ట్రంలో కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అనే మాట పుట్టింది. తర్వాత 38-ఇ సర్టిఫికెట్లు వచ్చాయి. మన తాతల ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున ఇప్పటికీ ఆ కాగితాలుంటాయి. దున్నేవాడికి భూమి మీద ఒక హక్కు ఉందని ఒప్పుకున్న సమాజం, తొమ్మిదేళ్లు వాకిలి ఊడ్చి ముగ్గేసిన ఆడదానికి ఆ ఇంట్లో మూడు నెలల గడువు హక్కు ఉందని ఒప్పుకోలేదా?

ఇదంతా కమ్యూనిస్టుల పని, ఆడవాళ్లకెందుకు అంటారా? స్కాట్లాండ్‌లో గ్లాస్గో అనే ఊరుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుంటే, మగవాళ్లు సైన్యంలో ఉంటే, అక్కడి ఇంటి ఓనర్లు కిరాయిలు పెంచారు. కట్టలేనివాళ్లను బయటికి గెంటడానికి కోర్టు బంట్రోతులు వచ్చేవాళ్లు. మేరీ బార్బర్ అనే ఒక మామూలు గృహిణి ఇరుగుపొరుగు ఆడవాళ్లను పోగుచేసింది. బంట్రోతు సందులోకి వస్తే ఎవరో ఒకరు గంట కొట్టాలి. గంట వినగానే వంటింట్లో ఉన్నది ఉన్నట్టు వదిలి అందరూ వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడాలి. చేతిలో ఏముంటే అది, పిండి ఉంటే పిండే మీద చల్లేవాళ్లు. ఇరవై వేల దాకా ఇళ్లవాళ్లు పెంచిన కిరాయి కట్టమన్నారు. ఆ ఏడు ముగియకముందే బ్రిటిష్ ప్రభుత్వం కిరాయిలు పెంచకుండా చట్టం చేసింది. పిండి చేతులతో చట్టం తెచ్చారమ్మా వాళ్లు! ఆ ఆదివారం నా చేతికీ పిండే ఉంది. నేను చల్లలేదు, అంతే తేడా.

మేమేం చేశామో చెప్పి ముగిస్తాను. పెద్ద విప్లవం ఏం చేయలేదు.

ఏడుగురం ఆడవాళ్లం అవ్వ గదిలో కూర్చున్నాం. మెప్మా సంఘం మీటింగు నడిపిన అనుభవం బీడీల అక్కకు పన్నెండేళ్లది. ఆమే నడిపింది. మొదటి తీర్మానం: ఎవరూ ఒంటరిగా ఓనరుతో మాట్లాడొద్దు, ఎవరూ ఒంటరిగా ఖాళీ చేయొద్దు. రెండోది: కిరాయి మాత్రం ఐదో తారీఖుకల్లా ఫోన్ పేలోనే కట్టాలి, చేతికి ఇవ్వొద్దు, రుజువు ఉండాలి. మూడోది: అడ్వాన్సు ఎవరెంత ఇచ్చారు, ఎన్నేళ్ల నుంచి ఉన్నారు, అన్నీ ఒక పుస్తకంలో. నాలుగోది: మగవాళ్లు "సరే సార్" అనొద్దు! ఇది నేను పెట్టిందే. ఏకగ్రీవంగా ఆమోదించారు.

ఒక ఉత్తరం రాశాం. టీచరమ్మ రాసింది, ఏడుగురం సంతకాలు పెట్టాం, అవ్వ వేలిముద్ర వేసింది. రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. తిట్టలేదు, బెదిరించలేదు. పిల్లల పరీక్షలు అయ్యేదాకా, ఏప్రిల్ ఆఖరు దాకా గడువు ఇవ్వండి, అడ్వాన్సు కోత లేకుండా ముందుగా ఇవ్వండి, సామాను తరలించే ఖర్చు ఇవ్వండి, కొత్త బిల్డింగులో కిరాయికిచ్చే పోర్షన్లు ఉంటే మొదట మమ్మల్ని అడగండి అని రాశాం. ఒక సోమవారం కలెక్టరేటులో ప్రజావాణికి వెళ్లి ఒక కాపీ ఇచ్చి వచ్చాం.

వారం తర్వాత ఓనరు గారి పెద్దబ్బాయి మళ్లీ వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు. చాయ్ తాగాడు. కోపంగానే మాట్లాడాడు, "తొమ్మిదేండ్ల సంది మంచిగుంటిరి, ఇప్పుడు గిట్ల సంఘాలు పెడితిరి" అన్నాడు. అతని తల్లి, పెద్దమ్మ, వెంట వచ్చింది. అవ్వను చూసి తల దించుకుంది. ఇద్దరూ ముప్పై ఏళ్ల నుంచి ఎరిగినవాళ్లు.

ఏప్రిల్ ముప్పై దాకా గడువు వచ్చింది. అడ్వాన్సు పూర్తిగా వచ్చింది, సున్నం కోత లేకుండా. ఇంటికి ఐదువేలు తరలింపు ఖర్చు బిల్డరు ఇచ్చాడు. కొత్త బిల్డింగులో ముందు మాకు అన్న మాట మాత్రం కాగితం మీద పెట్టలేదు. కొత్తజంట తీర్మానం తప్పి డిసెంబరులోనే వెళ్లిపోయారు. వాళ్లకు తరలింపు ఖర్చు రాలేదు. వాళ్లను నేను తప్పుపట్టను, చంకలో పసిపిల్ల ఉన్నప్పుడు నేనూ భయపడేదాన్నే. ఆపాకు ఇల్లు దొరికింది ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన, మేమందరం తిరిగితే. బీడీల అక్కకు పాత కార్ఖానాకు నడిచిపోయేంత దూరంలోనే ఒక గది దొరికింది. అవ్వ బోధన్‌లో బిడ్డ ఇంటికి పోయింది. వెళ్లేటప్పుడు తులసి కుండీ నాకిచ్చి, "నా ఇంట్ల నేను సచ్చిపోదమనుకున్న బిడ్డా" అన్నది. దాని ఖరీదు ఏ బిల్డరు కడతాడు? మా అమ్మాయి పది పాసైంది. మే నెలలో జేసీబీ వచ్చింది. నేను చూడటానికి పోలేదు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. కూల్చాలనుకున్న ఇంట్లో ఉన్నవాళ్లకు రాతపూర్వకంగా కనీసం మూడు నెలల గడువు, అది కూడా బడి సంవత్సరం మధ్యలో కాకుండా. అడ్వాన్సు తాళం చెవి ఇవ్వడానికి ముందు. తరలింపు ఖర్చు బిల్డరు నెత్తిన. మునిసిపాలిటీ కూల్చడానికో కట్టడానికో అనుమతి ఇచ్చే ముందు "ఇందులో ఎవరుంటున్నారు, వాళ్లకు చెప్పారా?" అని ఒక్క ప్రశ్న అడగాలి. సర్కారు కూల్చితే లిస్టులో కిరాయిదారు పేరు కూడా రాయాలి. ఆ 3,500 అంకె మార్చాలి. జాగా లేనివాళ్లకు ఇందిరమ్మ ఇల్లు మొదట రావాలి.

నన్ను చదివే మీలో సగంమంది ఇంటి ఓనరమ్మలు. నాకు తెలుసు, కామెంట్లలో చెబుతుంటారు. మీతో నాకు పోట్లాట లేదు. మీ ఇంటి కిరాయి మీ పిల్లల ఫీజని కూడా తెలుసు. ఒక్కటే అడుగుతున్నా. మీ కొడుకు టేపు పట్టుకున్న ఆయనను తీసుకుని కిరాయి ఇంటి గుమ్మంలోకి వెళ్లే ముందు, ఒకసారి మీరు ముందు వెళ్లండి. లోపల పొయ్యి మీద ఏముందో చూడండి. ఆమె బిడ్డ ఎన్నో తరగతో అడగండి. ఆ తర్వాత తేదీ చెప్పండి.

కిరాయికుంటున్న అక్కాచెల్లెళ్లూ, మీకు ఒక్క మాట. ఈ రోజే పక్క పోర్షన్ ఆమె ఫోన్ నంబరు తీసుకోండి. అడ్వాన్సు ఇచ్చిన తేదీ రాసి పెట్టుకోండి. ఎవరైనా వచ్చి నెలాఖరుకల్లా అంటే, ఇంట్లో మగవాళ్లు నోరు తెరిచేలోపే మీరు చెప్పండి:

"కూర్చోండి, చాయ్ తాగండి. మేమందరం మాట్లాడుకుని చెబుతం."